గంట లేని గుడి: ఈదురుకొండ కునుకులమ్మ మహిమ

నల్లమల అంచున, కనుమ దారి కొండెక్కడం మొదలుపెట్టే చోట ఈదురుకొండ అనే చిన్న ఊరు ఉంది. బస్సు దిగిన భక్తులకు ఇక్కడ మొదట కనబడేది గాలిగోపురం కాదు, పొగగూడు. నలుచదరపు రాతి కట్టడం కింద వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడి, పక్కనున్న గుట్ట అంచును దాటి ఇంకో రెండు నిలువుల ఎత్తు లేచి ఉంటుంది. దాని నెత్తిన నాలుగు పొట్టి కాళ్ళ మీద ఒక పలకబండ ఉంటుంది. తెల్లవారింది మొదలు ఆ బండ కింది నుంచి సన్నగా పొగ వస్తూనే ఉంటుంది. ఊరివారు దాన్ని చూసి చేతులు జోడిస్తారు. కొత్తవారు "ఇదేం ఫ్యాక్టరీ?" అని అడుగుతారు. అడిగినవారిని ఇక్కడ ఎవరూ తప్పుపట్టరు.

లోపలికి వెళ్ళాక వింత ఇంకా పెరుగుతుంది. ద్వారం దగ్గర చెయ్యెత్తి ఎంత వెతికినా గంట తగలదు. ఎదురుగా గర్భగుడి ఉండవలసిన చోట నాలుగు పొయ్యిలు, వాటి మీద అన్నం ఎసర్లు కనబడతాయి. అమ్మవారేదని అడిగితే, పొయ్యి దగ్గరున్న పూజారిణి గరిటె ఆపకుండానే "కూర్చోండి, కనబడుతుంది" అంటుంది. నిలబడినంతసేపూ అమ్మ దర్శనం కాదు. పొయ్యి ముందు, వంట చేసే ఆడమనిషి కూర్చున్నట్టు పీట మీద కూర్చుని తలెత్తితే, పొయ్యిలకు పైగా అడ్డంగా వేసిన ఆరు మూరల రాతి దూలం అడుగున, నిప్పుల కేసి ముఖం పెట్టి అమ్మ కనబడుతుంది. ముక్కు, పెదవులు, చెంపలు స్పష్టంగా ఉంటాయి. కళ్ళు మాత్రం మూసి ఉంటాయి.

ఒక మనవి. "అమ్మవారు కన్ను మూసింది" అని కొందరు భక్తులు నోరుజారి అంటూ ఉంటారు. ఆ మాట ఊరివారి చెవిన పడితే పెద్ద గొడవవుతుంది. అమ్మ కన్ను మూయలేదు, కునుకు తీస్తోంది. అందుకే ఆమె కునుకులమ్మ. గుడి కమిటీవారు ఈ పుస్తకాన్ని తిరునాళ్ళలోగా తొందరగా రాసిమ్మన్నారు. తొందరపడితే ఏమవుతుందో చెప్పే కథను తొందరగా రాయడమెలాగో రాసేవాడికి తెలియలేదు. అందుకని రెండేళ్ళు ఆలస్యమైంది. భక్తులు మన్నించాలి.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. కనుమ, గాలి, ఒక అన్నసత్రం, అంతే. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే యాత్రికులు కొండెక్కేముందు ఈ సత్రంలో కడుపునిండా తిని వెళ్ళేవారు. సత్రం వంటిల్లు గుట్ట గోడను ఆనుకుని ఉండేది. కట్టినవాడెవరో గాలిని అడగకుండా కట్టాడు. ఈ కనుమలో గాలి ఒకచోట నిలిచేది కాదు. పొద్దున కొండ మీది నుంచి దిగుతుంది, మధ్యాహ్నం లోయలో నుంచి ఎక్కుతుంది, సాయంత్రమయ్యేసరికి ఎటు తిరుగుతుందో దానికే తెలియదు. కిటికీలో నుంచి పోయిన పొగ తలుపులో నుంచి తిరిగివచ్చేది. వంటకు కుదిరినవారు నెలా రెణ్ణెల్లకే దండం పెట్టి వెళ్ళిపోయేవారు. మారెక్క అనే ఇల్లాలు మాత్రం పదకొండేళ్ళు ఆ పొయ్యిల దగ్గరే నిలిచింది. ఆకలిగొన్నవాడు మొదటి ముద్ద మింగేటప్పుడు వాడి ముఖం చూడటమంటే ఆమెకు ప్రాణం.

మారెక్క భర్త గంగులప్ప. రాళ్ళు పగలగొట్టి గోడలు కట్టే పనివాడు. అతని చేతి పని చూసినవారు నోరు వెళ్ళబెట్టేవారు. సున్నం పెట్టకుండా రాయికి రాయి కూర్చితే మధ్యలో తమలపాకు కూడా దూరేది కాదు. చేతికి వంక పెట్టలేం, కానీ కాలు నిలిచేది కాదు. పనిలో కష్టమైన భాగం ఉన్నంతసేపూ అన్నం నీళ్ళు మరిచి చేసేవాడు. అది తీరి, ఇక వరసలు పేర్చుకుంటూ పోవడమే మిగిలిందంటే అరికాళ్ళు దురద పుట్టేవి. సంచి భుజానికి తగిలించుకుని ఇంకో ఊరికి బయలుదేరేవాడు. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో గంగులప్ప మొదలుపెట్టిన గోడలున్నాయి. వాటి పై వరసలన్నీ వేరేవారు వేసినవే. అన్నం తినేటప్పుడు కూడా నిలబడే తినేవాడు. నిద్ర అతని దగ్గరికి రావడానికి భయపడేది. ఏడాదికి మూడుసార్లు ఇంటికి వచ్చి, కాలుకాలిన పిల్లిలా నాలుగు రోజులు తిరిగి వెళ్ళిపోయేవాడు. మారెక్క అడ్డు చెప్పేది కాదు. పోతాడని తెలిసిన రోజున సద్ది కట్టి సంచిలో పెట్టేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం గంగులప్ప ఊళ్ళు తిరిగి వచ్చి వంటింటి గడపలో నిలబడ్డాడు. మారెక్క అలికిడికి తల తిప్పింది.

"ఎవరయ్యా, అన్నానికా? పంక్తి ఇంగా లేయలేదు. రోంతసేపు ఆ అరుగు మీద కూసో."

గంగులప్ప గడప దాటి రెండడుగులు లోపలికి వేశాడు. "నేనేమ్మే" అన్నాడు.

"నువ్వా మామా! పొగలో పోల్చుకోలేకపోతి" అని ఆమె నవ్వింది.

పొగ లేదు. అప్పటికి పొయ్యిలు ఆర్పి గంటసేపయింది. ఆ సంగతి అతనికి కనబడుతోంది, ఆమెకు కనబడటం లేదు. గంగులప్ప ఆ అరుగు మీద కూర్చున్నాడు. కూర్చోవడం అతనికి అలవాటు లేని పని. తను ఇరవై ఊళ్ళలో ఎవరెవరికో గోడలు కట్టి, తన ఇల్లాలి కళ్ళు మాత్రం పొగకు వదిలేశానని గుండెలు బాదుకుని ఏడ్చాడు.

ఏడుపు తీరగానే లేచి సత్రం పారుపత్తెదారు నరసప్ప దగ్గరికి వెళ్ళాడు. సత్రం మంచిచెడ్డలన్నీ చూసేవాడు ఈ నరసప్పే. వంటింటికి రాతి పొగగూడు కడతానని గంగులప్ప అడిగాడు. నరసప్ప అతన్ని కిందికీ మీదికీ చూశాడు.

"గంగులప్పా, నువ్వు మొదలుపెడతావు, సరే. ముగించేదెవరు?"

"నేనే సామీ. ఈ తూరి నేనే."

సుత్తి మీద చెయ్యేసి ప్రమాణం చేశాడు. నరసప్ప నమ్మాడో లేదో తెలియదు గాని ఒప్పుకున్నాడు.

మొదటిసారి కట్టిన గూడు గుట్ట అంచు కంటే పొట్టిది. గుట్ట మీది నుంచి దొర్లే గాలి నేరుగా దాని నోట్లో పడి, పొగను బుగ్గపట్టి కిందికి ఊదింది. గంగులప్ప దాన్ని విప్పేశాడు. రెండోసారి ఎత్తు పెంచాడు కాని లోపలి దారి మరీ వెడల్పయింది. వెడల్పు గూట్లో పొగ చల్లబడి, ఎక్కలేక, సందేహిస్తూ నడిమధ్యలో నిలిచిపోయింది. అదీ విప్పేశాడు. మూడోసారి ముందు వాగు ఒడ్డున కూర్చుని గాలి పోకడను పదిరోజులు చూశాడు. పొయ్యిల మీద వెడల్పుగా నోరు తెరిచి, మనిషి తల ఎత్తు దాటగానే గొంతు సన్నగా బిగించి, అక్కడి నుంచి పై దాకా ప్రతి వరసనూ వేలెడు వేలెడు లోపలికి జరుపుతూ కట్టాలని, నెత్తిన బండ కప్పి నాలుగు వైపులా సందు వదలాలని లెక్క వేసుకున్నాడు. అప్పుడు గాలి ఎటు నుంచి వచ్చినా పొగ రెండో వైపు నుంచి తప్పుకుపోతుంది. ఈ లెక్క సరైనదే. ఈనాటికీ ఆ గూడు పొగను అలాగే లాగుతోంది.

ఇంత బరువునూ పొయ్యిల మీద మోయడానికి ఒక రాతి దూలం కావాలి. వెతగ్గా వెతగ్గా వాగు గట్టున ఆరు మూరల బండ ఒకటి దొరికింది. భూమిలో సగం దిగబడి ఉంది. ఇక్కడ పనివారి పద్ధతి ఒకటి చెప్పాలి. రాతికి పడక ఉంటుందంటారు వారు. భూమిలో అది ఏ పక్క కిందికి పెట్టి యుగాల తరబడి పడుకుందో, గోడలోనూ అదే పక్క కిందికి ఉండాలి. మనిషికి పడక మారితే నిద్ర పట్టనట్టే రాతికీ పట్టదు. బరువు పెట్టినా వేడి తగిలినా అది ఓర్చుకోలేక విచ్చిపోతుంది. అందుకని బండను గడ్డపారతో కదిలించేముందే దాని పై పక్కన కావితో ఒక గీత గీస్తారు. దాన్ని పడక గుర్తు అంటారు. గంగులప్పకు ఈ పని ఉగ్గుపాలతో అబ్బింది.

కాని ఆ పొద్దున మబ్బు పట్టింది. వాగు వస్తే బండ మునుగుతుంది. పన్నెండుమంది మనుషులు గడ్డపారలు దూర్చి, ఊపిరి బిగబట్టి అతని మాట కోసం చూస్తున్నారు. కావి ముద్ద సంచి అడుగున ఎక్కడో ఉంది. వంటింట్లో మారెక్క దగ్గుతున్నది ఇక్కడికి వినబడుతున్నట్టే ఉంది. 'గుర్తుంటుందిలే' అనుకున్నాడు గంగులప్ప. "లేపండ్రా!" అన్నాడు.

దుంగల మీద దొర్లిస్తూ, ఎగుడుదిగుడు దారిలో నాలుగైదుసార్లు తలకిందులు చేస్తూ, బండను వంటింటికి చేర్చేసరికి రెండు రోజులు పట్టింది. అప్పటికి ఏ పక్క ఏదో అతనికి గుర్తు లేదు. గుర్తు లేదని ఒప్పుకోవడానికి నోరూ రాలేదు. నునుపుగా ఉన్న పక్క చూసి, అదే అడుగని తనకు తాను చెప్పుకుని, గోడల మీదికి ఎక్కించాడు. మిగతా పని నెలన్నరలో అయిపోయింది. పై వరస కూడా గంగులప్పే వేశాడు. సత్రం సత్రమంతా కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. పొయ్యి రాజేస్తే పొగ చెప్పినట్టు విని పైకి పోయింది. మారెక్క చీర కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకోకుండా వండిన మొదటి వంట అదే.

ఐదో రోజున రాయి మూలిగింది. పంక్తులు లేచి, పొయ్యిలు ఆర్పాక, వేడి దిగుతున్న దూలంలో నుంచి రోగిష్టి మనిషి పక్క మార్చుకున్నట్టు ఒక మూలుగు వచ్చింది. మరునాడు మళ్ళీ వచ్చింది. ఆ తరువాత రోజూ వచ్చేది. అతుకుల్లోని సున్నం పొడిపొడిగా రాలి గంజిలో పడేది. గూటి గొంతు దగ్గర వెంట్రుక మందాన సందు విడిచి, అందులో నుంచి పొగ చీలిక ఒకటి కిందికి జారి, సూటిగా మారెక్క ముఖం మీదికే వచ్చేది. గంగులప్ప కరక్కాయ, బెల్లం కలిపి నూరిన సున్నంతో ఆ సందు పూడ్చాడు. తెల్లారేసరికి అది పక్కన ఇంకోచోట విడిచింది. తూకపు గుండు దింపి గోడలు చూశాడు. గోడలు నిటారుగానే ఉన్నాయి. పైకెక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. వంటవాళ్ళు అతన్ని చూస్తేనే తల తిరుగుతోందని వేళాకోళమాడారు.

ఒక మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు గంగులప్ప గూటి గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఎన్నేళ్ళకో ఒక చిన్న కునుకు పట్టింది. ఆ కునుకులో ఒక ఆడమనిషి గొంతు వినబడింది. మనిషి కనబడలేదు.

"నాయనా, నీకూ నిద్ర లేదు, నాకూ లేదు. నా పడకేదో అడక్కుండా నన్ను ఒత్తిగిలబెట్టి, నా భుజం మీద కొండంత గూడు కట్టినావు. ఎట్లా కునుకు తీసేది? నా పడక నాకియ్యి."

ఉలిక్కిపడి లేచి, చిన్న సుత్తి తీసుకుని కింది నుంచి ఒక్కొక్క రాయినే తట్టుకుంటూ పోయాడు. పడక మీద కుదురుగా ఉన్న రాయి ఖంగుమంటుంది. అన్నీ ఖంగుమన్నాయి. భయపడుతూ చివరగా దూలాన్ని తట్టాడు. అది పగిలిన కుండలా నసిగింది. కావి గీత లేని రాయి ఆ కట్టడం మొత్తంలో అదొక్కటే.

ఇప్పుడు ఆ దూలం తిప్పాలంటే మీదున్నదంతా విప్పాలి. విప్పకపోతే ఏదో ఒక రోజు అది విచ్చుకుని పొయ్యిల మీద కూలుతుంది. పొయ్యిల దగ్గరుండేది మారెక్క. ఇంత తెలిసినవాడు వెంటనే వెళ్ళి చెప్పాలి కదా. చెప్పలేదు. రాసేవాడు దాచిపెట్టడం లేదు, ఊరివారూ దాచరు. గంగులప్ప సంచి భుజానికేసుకుని కనుమ దారి పట్టాడు. అతని కాళ్ళకు తెలిసిన విద్య అదొక్కటే.

రెండు మలుపులు ఎక్కాక గాలి అడ్డం కొట్టింది. ఆయాసం తీర్చుకోవడానికి సంచి దించితే లోపల మెత్తగా తగిలింది. విప్పి చూశాడు. సద్దిమూట. రాగిసంగటి ముద్ద, ఊరుమిండి పచ్చడి, మధ్యలో ఉల్లిగడ్డ. పక్కనే కావి ముద్ద, శుభ్రంగా గుడ్డలో కట్టి ఉంది. మూటకంతా పొగ వాసన. అతను పోతానని ఎవరితోనూ అనలేదు. అతనికే తెలియకముందు ఆమెకు తెలిసింది. పోతాడని తెలిసి, ఆ కళ్ళతోనే తడుముకుంటూ సంగటి కెలికి, దారిలో ఆకలవుతుందని మూట కట్టింది.

ఆమె తిట్టి ఉంటే గంగులప్ప పోయేవాడేమో. ఆ సంగటి ముద్ద మాత్రం అతను తినలేకపోయాడు. అంత సిగ్గు అతను జన్మలో ఎరగడు. మూట మళ్ళీ కట్టి, దిగివచ్చాడు.

పంక్తి జరుగుతోంది. వడ్డించేవారు, తినేవారు, నరసప్ప, అందరూ ఉన్నారు. గంగులప్ప నట్టనడుమ నిలబడి చెప్పాడు.

"తప్పు రాయిది కాదు సామీ, నాది. పడక గుర్తు పెట్టకుండా దొర్లించినా. గూడంతా విప్పాల."

నరసప్ప ముఖం ఎర్రబడింది. "ఇప్పుడే పడిపోతుందా?"

"ఇప్పుడా, ఏడాదికా, పదేండ్లకా, చెప్పలేను. పడేది మాత్రం పొయ్యి కాడుండేవాళ్ళ నెత్తిన."

"విప్పితే మళ్ళా కట్టేదాకా వంట యాడ? బయట మూడు రాళ్ళ మీద, ఈ గాలిలో. అప్పటిదాకా నీ పెండ్లాం కండ్లు ఆగుతాయా? అది చెప్పు."

ఉంచితే ఆమె ప్రాణం, విప్పితే ఆమె కళ్ళు. గంగులప్ప తల తిప్పి ఆమె కేసి చూశాడు. మారెక్క చేతిలో అన్నం గంప ఉంది. అతని గొంతు ఎటు నుంచి వచ్చిందో అటు తిరిగి అన్నది:

"విప్పు మామా. నా తర్వాత ఆ పొయ్యి కాడ ఇంగొకామె నిలబడుతుంది. ఆయమ్మకు ఈ సంగతి తెలీదు గదా."

ఆ తరువాత ఎవరూ అడ్డు చెప్పలేదు. మరునాడే గూడు విప్పడం మొదలైంది. ప్రతి రాయి మీదా పడక గుర్తు చూసి, వరస గుర్తు వేసి, నేల మీద పేర్చారు. మారెక్క బయట, తిరిగి తిరిగి కొట్టే గాలిలో, పొగ ఎటు పోతే దానికి ఎదురుగా పడుతూ, గూడు మళ్ళీ లేచేదాకా నలభై రోజులు వండింది. గంగులప్ప ఆ నలభై రోజులూ ఆమె దగ్గు వింటూ పనిచేశాడు. ఆకారాలు పోల్చుకోవడం పోయి, వెలుగూ చీకటీ మాత్రమే తెలిసే స్థితికి ఆమె వచ్చిందని అతనికి తెలుసు. అయినా తొందరపడలేదు. తొందరపడకుండా ఉండటానికి అతను పడ్డ బాధ ముందు రాళ్ళు మోయడం లెక్కలోది కాదు.

విప్పుతూ పోగా దూలం ఒక్కటే మిగిలింది. మోకులు కట్టి కిందికి దింపి, దుంగల మీద మెల్లగా తిప్పారు. ఇన్నాళ్ళూ గోడ లోపలి కేసి దాగి ఉన్న పక్క వెలుతురులోకి వచ్చింది. వాగు గట్టున భూమిని హత్తుకుని ఉన్న పక్క అదే. అంటుకున్న మట్టి కడిగేసరికి పన్నెండుమంది మనుషులూ మోకులు వదిలి వెనక్కి జరిగారు. రాతిలో ఒక స్త్రీ ముఖం ఉంది. ఉలి ముట్టిన జాడ ఎక్కడా లేదు. నుదురు, ముక్కు, కొంచెం విచ్చుకున్న పెదవులు, నిండు చెంపలు. కళ్ళ చోట మాత్రం నునుపైన రెండు ఉబ్బులు, అంతే.

వార్త విని సత్రంలోని జనమంతా పరుగెత్తుకొచ్చారు. కొబ్బరికాయలు పగిలాయి. నరసప్ప కన్నీళ్ళతో సాష్టాంగపడి లేచి, శాస్త్రం ప్రకారం కళ్ళు తెరిపించాలన్నాడు. శిల్పి ఉలితో నేత్రాలు తీర్చేదాకా రాయి రాయేనని, ఆ చివరి పని అయితేనే దేవత అవుతుందని అందరికీ తెలుసు. గంగులప్ప సన్న ఉలి తీశాడు. జీవితంలో మొదటిసారి ఒక పనిని చిట్టచివరి దెబ్బ దాకా తనే చేయాలని అతనికి ఆశ పుట్టింది. కళ్ళు చెక్కి తీరాలనుకున్నాడు. చెక్కి, ఆ కళ్ళతో అమ్మ తన ఇల్లాలి కేసి ఒక్కసారి చూసేలా చేయాలని అతని కోరిక.

ఉలి ఆనించేముందు మారెక్క చేయి పట్టుకుని తెచ్చి, రాతి మీద పెట్టాడు. ఆమె వేళ్ళు నుదుటి మీది నుంచి ముక్కు మీదికి, పెదవుల మీదికి, మళ్ళీ పైకి వెళ్ళాయి. కళ్ళ చోట ఆగాయి. చాలాసేపు ఆగాయి.

"కునుకు తీస్తాండాది మామా. లేపొద్దు."

"కండ్లు తెరిపించాలంటారే. నేనే తెరిపిస్తా."

మారెక్క అతని ఉలి మీద చెయ్యి వేసింది.

"ఈమెను పెట్టేది యాడ? పొయ్యి మీదనే గదా, పొగకెదురుగా. ఆ పొగలో కండ్లు తెరిపిస్తావా? నా కండ్లు చూసినాక గూడానా?"

గంగులప్ప చేతిలో నుంచి ఉలి జారింది. నరసప్ప శాస్త్రం మాట మళ్ళీ ఎత్తలేదు. ఎంతో పనిని మధ్యలో వదిలి నడిచిపోయిన మనిషి, వదలకూడదని మొదటిసారి అనుకున్న పనిని, వదలమన్నందుకు వదిలేశాడు. ఆ ఉలి ఇప్పటికీ దూలం పక్కన గోడ గూట్లో ఉంది. దానికి పసుపు రాస్తారు కాని ఎవరూ తీయరు.

దూలాన్ని దాని పడక ప్రకారం, ముఖం కిందికి ఉండేలా, పొయ్యిల మీదికి ఎక్కించారు. గూడు వరస తప్పకుండా మళ్ళీ లేచింది. పొయ్యిలు రాజేసిన రోజున పొగ అమ్మ చెంపలను ఒరుసుకుంటూ పోయి, గొంతులో చేరి, పైకి వెళ్ళిపోయింది. కింద కూర్చున్న మారెక్క ముఖాన ఒక్క చీలిక కూడా పడలేదు. మొదటి పంక్తి లేచాక పొయ్యిలు ఆర్పి, జనమంతా మూలుగు కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు. వేడి దిగింది. రాయి మాట్లాడలేదు. గాలి మాత్రం బయట తన అలవాటు ప్రకారం తిరుగుతోంది.

అప్పుడు చూస్తే గంగులప్ప లేడు. మళ్ళీ పోయాడనుకున్నారు జనం. పోలేదు. పొయ్యి పక్కన గోడకు ఒరిగి, కాళ్ళు చాపి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అంతలో రెండో పంక్తిని పిలవడానికి సత్రం గంట కొట్టేవాడు తాడు అందుకున్నాడు. గంట మోగబోతుందని మారెక్కకు అడుగుల చప్పుడులోనే తెలిసింది. తడుముకుంటూ వెళ్ళి తాడు పట్టుకుంది.

"వద్దు నాయనా. ఇద్దరూ ఇప్పుడే పడుకున్నారు."

ఆనాడు దించిన గంటను మళ్ళీ కట్టలేదు. గంగులప్ప మూడు పగళ్ళు నిద్రపోయాడని, లేచాక ఇల్లు వదలలేదని చెబుతారు. మారెక్కకు చూపు పూర్తిగా తిరిగి వచ్చిందని కొందరి మాట. రాలేదని, అయితే కళ్ళలో మంట తగ్గి, అన్నం తినేవారి ముఖాలు మసకగా పోల్చుకునేదని ఇంకొందరి మాట. రాసేవాడికి రెండో మాట మీదనే నమ్మకం. ఆమె కోరినది అంతే కాబట్టి, అమ్మ ఇచ్చినది కూడా అంతే అయి ఉంటుంది.

నేటికీ ఇక్కడ పూజ చేసేది మారెక్క వంశంలోని ఆడపడుచులే. వంటే పూజ. ఉదయం మొదటి దర్శనం ఇళ్ళలో, సత్రాల్లో, హోటళ్ళలో పొయ్యి దగ్గర నిలబడేవారిది. వారు వరసలో నిలబడనక్కర్లేదు, చేతికంటిన మసి చూపితే చాలు. ఇల్లు మొదలుపెట్టి ఆపినవారు ఒక చిన్న రాయి తెచ్చి, దాని మీద ఇక్కడి కావితో పడక గుర్తు పెట్టించుకుని పోతారు. నిద్ర పట్టనివారు, కాలు నిలవనివారు, మనసు కుదురు లేనివారు పొయ్యి ముందు పీట మీద కూర్చుని, తలెత్తి అమ్మను ఒకసారి చూసి, తామూ కళ్ళు మూసుకుంటారు. అలా ఎంతసేపు కూర్చోగలిగితే అంత ఫలమని పెద్దలు చెబుతారు. తొందరలో ఉన్నవారికి దర్శనం కాదు. వారిని ఎవరూ వెళ్ళగొట్టరు, నిలబడి ఉన్నందువల్ల వారికే అమ్మ కనబడదు.

దర్శనమై బయటికి వచ్చేవారిని గడప దగ్గర వేచి ఉన్నవారు లోగొంతుతో ఒక మాట అడుగుతారు. "లేచిందా?" అని. బయటికి వచ్చినవారు అంతకంటే మెల్లగా, "లేదు, కునుకులోనే ఉంది" అని చెప్పి, చెప్పుల చప్పుడు కాకుండా మెట్లు దిగిపోతారు.